సముద్రం వైపు కిటికీ

"ఏదీ, సముద్రం చూపించవే!" వీడియో కాల్ ఎత్తగానే మా పిన్ని మొదటి మాట ఇదే. చూపిస్తాను. "అబ్బ, ఏం అదృష్టమే నీది" అంటుంది. నాకు ఒళ్లు మండుతుంది. పిన్ని మీద కాదు, పాపం ఆవిడకేం తెలుసు. ఇక్కడ ఇళ్లు కొనేవాళ్లూ అచ్చం పిన్నిలాగే సముద్రం వైపే చూస్తారు, నా బాధంతా అది.

మాది బా-సుర్-మేర్. రాతలో బాట్జ్ అని ఉంటుంది గానీ పలికేది బా అనే. ఫ్రాన్సుకి పడమటి కోస్తా. ముందు అట్లాంటిక్, వెనక గెరాండ్ ఉప్పు మడులు, సుమారు 2,000 హెక్టార్లు. ఆ రెండిటికీ నడుమ ఇరుక్కున్న రాతి ఇళ్ల ఊరు. మా ఆయన సేన్ నజేర్‌లో ఓడలు కట్టే చోట పనిచేస్తారు, రైల్లో వెళ్లొస్తారు. అలా వచ్చిపడ్డాం ఇక్కడికి.

నేను చినగంజాం పిల్లని. ఉప్పు మడులు నాకు కొత్త కాదు. వచ్చిన వారానికే ఒకసారి పిన్నికి ఫోన్ వెనక్కి తిప్పి మడులు చూపించాను. "ఎప్పుడొచ్చావే ఊరికి? చెప్పనన్నా చెప్పలేదు!" అంది. నవ్వి నవ్వి కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఉప్పు చూపిస్తే మాత్రం మొహం చిట్లించింది, "ఇదేంటే, బూడిద కలిసినట్టుంది" అని. అడుగున బంకమన్ను, దాని మీదే ఉప్పు కడుతుంది కాబట్టి ఆ రంగు.

పున్నమికీ అమావాస్యకీ పెద్ద పోటు వచ్చినప్పుడు కాలవ తలుపు ఎత్తి పెద్ద చెరువులోకి నీళ్లు పెడతారు. అక్కడ ఒండ్రు దిగిపోయాక ఆ నీళ్లు మడి నుంచి మడికి పాకుతూ, ఎండకీ గాలికీ చిక్కబడుతూ పోతాయి. మోటార్లు లేవు, అంతా వాటం మీదే. మడికీ మడికీ మధ్య గట్టులో చిల్లులు పొడిచిన రాతి పలక ఒకటి నిలబెట్టి ఉంటుంది. చిల్లులకి చెక్క బిరడాలు. పక్కింటి కుర్రాడు పొద్దున్నే వచ్చి ఆకాశం వంక ఒకసారి చూసి, ఒక బిరడా పీకుతాడు, లేదా పెడతాడు. అంతే. ఆ ఒక్క బిరడా లెక్క తప్పితే ఆ రోజు ఉప్పు గోవిందా! పడుచువాడే, 60 మడులు వాడి చేతి కింద. ఒక్కో మడి 70 చదరపు మీటర్లు ఉంటుంది. పొడుగు కర్రకి అడ్డచెక్క బిగించిన పారతో, కింది మట్టి లేవకుండా ఉప్పు ఒక్కటే లాగాలి. ఒకసారి నా చేతికిచ్చాడు. నాలుగు లాగులకి మడంతా బురద చేసిపెట్టాను. చినగంజాం పరువు ఆ రోజే పోయింది.

ఉప్పు కాలం జూన్ నుంచి సెప్టెంబరు దాకా. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అద్దెల సంగతి. మా వీధిలో 14 ఇళ్లుంటే జనవరిలో లైటు వెలిగేవి నాలుగు. మిగతావన్నీ సెలవుల ఇళ్లు. మాకు మొదట దొరికిన ఇల్లు సెప్టెంబరు నుంచి జూన్ వరకే. జూన్ 30కి సామాను సర్దుకుని బయటికి నడవాలి, ఎందుకంటే జూలై, ఆగస్టుల్లో అదే ఇల్లు వారం లెక్కన పర్యాటకులకిస్తే ఓనరుకి మా పది నెలల అద్దెతో దాదాపు సమానం వస్తుంది. చంటిదాన్ని వేసుకుని రెండు నెలలు సేన్ నజేర్‌లో ఒక్క గదిలో ఉన్నాం. సరే, మేం ఎక్కడైనా బతుకుతాం. కానీ ఉప్పు తీసేవాడి సంగతేంటి? వాడు ఊళ్లో ఉండి తీరాల్సింది సరిగ్గా ఆ నెలల్లోనే కదా! అప్పుడే వాడికి కొంప ఉండదు. వ్యాన్లలో పడుకుంటున్నారు.

ఓనర్లనడిగితే ఒకటే మాట: టూరిస్టులు రాకపోతే మీ ఉప్పు ఎవడు కొంటాడు? నిజమే, కాదనను. వేసవి బేరాలు లేకపోతే మా బ్రెడ్డు కొట్టు కూడా మూతపడేదే. కానీ ఆ టూరిస్టు ఫొటో తీసుకునే ఉప్పు కుప్పలు వాటంతటవే మొలవలేదు కదండీ. 1970ల్లో ఈ మడుల మీదుగా రోడ్డు లాగాలని చూశారు. రైతులు ఎదురు తిరిగారు, తర్వాత 1988లో సహకార సంఘం పెట్టుకున్నారు. 1999 డిసెంబరులో ఎరికా అనే చమురు ఓడ మునిగి నల్లటి జిడ్డు ఒడ్డుకి కొట్టుకొచ్చినప్పుడు, మడుల్లోకి ఒక్క చుక్క రాకూడదని కాలవల మూతులకి అడ్డుకట్టలు వేసిందీ వాళ్లే. మరుసటి వేసవి చాలామంది అసలు ఉప్పే తీయలేదు. క్రిస్మస్ చలిలో ఆ గట్ల మీద నిలబడ్డది ఊళ్లో ఉండేవాళ్లు. వేసవి చుట్టాలు కాదు.

మేమిప్పుడు మడుల వైపు ఇంట్లో ఉంటున్నాం, ఏడాది పొడుగునా అద్దె. సముద్రం కనపడదు కాబట్టి దొరికింది. చెమ్మ, దోమలు, పాటు వేళ కాలవల్లోంచి కుళ్లు వాసన. లాభం కూడా లేకపోలేదు. గట్ల మీద సాలికోర్న్ అని ఒక ఉప్పు మొక్క పెరుగుతుంది, కాడలు పచ్చపూసలు గుచ్చినట్టుంటాయి. పప్పులో వేస్తే వేరే ఉప్పు అక్కర్లేదు.

నిన్న సాయంత్రం తూర్పు గాలి తిరిగింది. ఆ గాలికే మడుల మీద మీగడలా పల్చగా ఉప్పు తేలుతుంది, ఉప్పు పువ్వు అంటారు. చీకటి పడేదాకా కుర్రాడు దాన్ని తెట్టు తీసినట్టు తీస్తూనే ఉన్నాడు. వెళ్తూ వెళ్తూ చెప్పాడు, తన గది కూడా ఈ 30కి ఖాళీ చేయమన్నారట. మా గ్యారేజీలో మంచం వేశాను. దోమతెర కట్టడానికి మేకులు తెమ్మని మా ఆయనకి చెప్పాను.