కూల్చిన ఇల్లు కాలువ పాలేనా?

విజయవాడ సత్యనారాయణపురంలోనూ, గుంటూరు బ్రాడీపేటలోనూ పాత ఇళ్లు ఒక్కొక్కటిగా నేలమట్టమై అపార్టుమెంట్లు లేస్తున్నాయి. పెరిగే నగరాల్లో ఇది సహజమే. కూల్చిన ఇంటి శిథిలాలు చీకటి పడ్డాక ట్రాక్టరెక్కి కాలువ గట్టుకో, ఊరి చివరి కుంటకో చేరడం మాత్రం సహజమని సరిపెట్టుకోలేం. ఏలూరు, బందరు, రైవస్ కాలువలు పారే విజయవాడలో దీన్ని కేవలం చెత్త సమస్యగా చూడటం ప్రమాదకరం. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, నీటి దారి ఇరుకైతే ఏమవుతుందో ఈ నగరం అనుభవించింది. ఆ తరవాత కూడా గట్ల మీద సిమెంటు పెళ్లలు పడుతుంటే చూస్తూ ఊరుకోవడం క్షమించరానిది.

ఈ శిథిలాల్లో నిజంగా పారవేయవలసింది చాలా తక్కువ. సున్నంతో కట్టిన పాత గోడల ఇటుకలు సుత్తితో మెల్లగా తడితే గార వదిలి చెక్కుచెదరకుండా వస్తాయి, మరో గోడకు పనికొస్తాయి. టేకు ద్వారబంధాలు, కడప బండలు, మంగళూరు పెంకులు కొనేవారు ఎప్పుడూ ఉన్నారు. సిమెంటు గోడ తీరు వేరు. అక్కడ గార ఊడదు, ఇటుకే పగులుతుంది. అందుకే దాన్ని మరలో ఆడించి కంకరగా, ఇసుకగా మార్చాలి. ఆ పని సాగాలంటే కూల్చేటప్పుడే కాంక్రీటు, ఇటుక, మట్టి, ఇనుము వేరుపడాలి. మనుషులు వారాల పాటు విప్పే ఇంటిని పొక్లెయిన్ ఒక్క పూటలో కూల్చేస్తోంది. ప్లాస్టిక్ గొట్టాలు, జిప్సం పలకలు, మట్టి అన్నీ కలిసిపోయాక ఆ కుప్పను ఏ మర బాగుచేయగలదు? అసలు నష్టం జరుగుతున్నది ఇక్కడ.

పాత కాంక్రీటు కంకరను నమ్మవచ్చా అన్న సందేహానికి భారత ప్రమాణాల సంస్థ 2016లోనే సమాధానమిచ్చింది. ఐఎస్ 383 ప్రమాణం ప్రకారం ఎం25 గ్రేడు (కాంక్రీటు బలాన్ని తెలిపే కొలత) వరకు ఇనుము వేసే కాంక్రీటులో 20 శాతం, ఇనుము లేని కాంక్రీటులో 25 శాతం, పునాది అడుగున పరిచే పలుచని మిశ్రమంలో పూర్తిగా ఈ కంకరే వాడవచ్చు. రాళ్లకు అంటుకున్న పాత సిమెంటు నీటిని ఎక్కువగా పీలుస్తుంది కనుకనే ఆ పరిమితులు. హైదరాబాద్ జీడిమెట్లలో రోజుకు 500 టన్నుల శిథిలాలను శుద్ధి చేసే కేంద్రం 2020లోనే మొదలైంది.

నిబంధనలకూ కొరత లేదు. మున్సిపల్, ప్రభుత్వ కాంట్రాక్టుల్లో శిథిలాల నుంచి తయారైన సామగ్రి 10 నుంచి 20 శాతం దాకా ఉండాలని 2016 కేంద్ర నియమాలే చెప్పాయి. 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా నిర్ణయించి 2025లో ప్రకటించిన కొత్త నియమాలు ఈ వ్యర్థాలకు కారకులైన నిర్మాణదారుల బాధ్యతను బిగించాయి. కానీ ఆ బాధ్యత 20,000 చదరపు మీటర్లు, ఆపైన నిర్మించేవారికే. మన వీధుల్లో 200, 300 గజాల స్థలాల్లో కూలే ఇళ్లు ఆ లెక్కలోకే రావు. ఆ ఖాళీని నగరపాలక సంస్థలే పూడ్చాలి.

కూల్చివేతకు ముందే శిథిలాలు ఎక్కడికి వెళతాయో రాసివ్వనిదే కొత్త ప్లాను మంజూరు చేయకూడదు. కొంత డిపాజిట్ కట్టించుకుని, శుద్ధి కేంద్రం రసీదు చూపాక తిరిగివ్వాలి. సామాన్య గృహస్థుకు దూరాభారం లేకుండా ప్రతి సర్కిల్‌లోనూ సేకరణ స్థలం చూపించడం ప్రభుత్వ విధి. అది చూపకుండా జరిమానాలకు దిగితే జనం మళ్లీ చీకటినే ఆశ్రయిస్తారు. ఏ వీధిలో ఏ ఇల్లు కూలుతోందో వార్డు సచివాలయ సిబ్బందికి తెలియనిది కాదు.

కొనేవాడు లేకపోతే ఏ శుద్ధి కేంద్రమూ నిలవదు. ఆ కొనుగోలుదారు రెండు నగరాల మధ్యనే ఉంది. అమరావతిలో రోడ్ల అడుగు పొరలకు, కాలిబాటల టైల్స్‌కు, అంచు రాళ్లకు ఎంత కంకర కావాలి! గుంటూరు దగ్గరి పేరేచర్ల కొండల్ని కంకర కోసం ఇంకా పిండి చేసేముందు, రాజధాని టెండర్లలో పాత కాంక్రీటు కంకర వాటాను తప్పనిసరి చేస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి.