గుండాటలో ‘సగానికి సగం ఛాన్స్’ ఉందన్న మాట నిజం కాదు

సంక్రాంతి దగ్గర పడిందంటే వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంది. ఈసారి మా బంధువుల గ్రూపులోకే నాలుగుసార్లు వచ్చింది. గుండాట బోర్డు మీద ఆరు బొమ్మలు, డబ్బాలో మూడు పాచికలు. మనం కాసిన బొమ్మ ఒక పాచిక మీద పడితే కాసినంత లాభం, రెండింటి మీద పడితే రెండింతలు, మూడింటి మీద పడితే మూడింతలు. కాబట్టి ఆడేవాడిదే పైచేయి అని అందులో ఉంది. గుండాట ఊరికో రకంగా ఆడతారు. నేను ఆ మెసేజ్‌లో చెప్పిన ఆటనే తీసుకుంటున్నాను. నిరుడు మా పిన్ని కొడుకు ఈ మాటలు నమ్మి కోనసీమలో ఒక బరి దగ్గర రెండు రోజుల్లో నెల జీతం పోగొట్టుకున్నాడు. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

“ఒక పాచికకు ఆరింట ఒకటి. మూడు పాచికలకు ఆరింట మూడు, అంటే సగం.”

ఇలా కూడటమే తప్పు. ఈ లెక్క నిజమైతే ఆరు పాచికలు వేసినప్పుడు మన బొమ్మ ప్రతిసారీ పడి తీరాలి. కానీ ఆరు పాచికలు వేసినా దాదాపు మూడుసార్లకు ఒకసారి అది ఒక్కదాని మీద కూడా పడదు. ఇంట్లో వేసి చూసుకోవచ్చు. సరైన దారి ఏమిటంటే, పడకపోవడాన్ని లెక్కపెట్టాలి. మూడు పాచికలు పడే తీరులు 6×6×6, అంటే 216. మన బొమ్మ ఒక్కదాని మీదా లేనివి 5×5×5, అంటే 125. మిగిలిన 91 తీరుల్లోనే మనం గెలుస్తాం. అది 42 శాతం, సగం కాదు.

ఈ పొరపాటు కొత్తది కూడా కాదు. 17వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో షెవాలియే ద మెరే అనే ఆయన ఇలాంటి దామాషా లెక్కతోనే చిక్కులో పడ్డాడు. ఒక పాచికను నాలుగుసార్లు వేస్తే ఒక్క ఆరైనా పడే అవకాశం 51.8 శాతం. ఆరు తీరులకు నాలుగుసార్లు అయితే 36 తీరులకు 24 సార్లు, ఆ లెక్కన రెండు పాచికలను 24 సార్లు వేస్తే జంట ఆరు పడే అవకాశమూ సగం దాటాలనుకున్నాడు. అది 49.1 శాతమే. 1654లో గణిత శాస్త్రవేత్త పాస్కల్ మరో గణిత శాస్త్రవేత్త ఫెర్మాకు రాసిన ఉత్తరంలో ఈ చిక్కు గురించి ఉంది.

“సగం కాకపోయినా, డబుల్, ట్రిపుల్ పడినప్పుడు వచ్చే బోనస్ ఆ తేడాను పూడ్చేస్తుంది.”

ఎక్కువమంది పడిపోయేది ఈ మాటకే. గెలిచే 91 తీరుల్లో బొమ్మ ఒక్కసారే పడేవి 75, రెండుసార్లు పడేవి 15, మూడుసార్లు పడేది ఒకే ఒక్కటి. వంద చొప్పున 216 ఆటలు ఈ తీరులన్నీ ఒక్కోసారి పడేలా ఆడారనుకుందాం. లాభం 75+30+3, అంటే 108 వందలు. నష్టం 125 వందలు. చేతి నుంచి పోయేది 1,700 రూపాయలు. ప్రతి వందకీ 7 రూపాయల 87 పైసలు.

ఇప్పుడు బోర్డు నడిపేవాడి వైపు నుంచి చూడండి. ఆరుగురు ఆరు బొమ్మల మీద తలా వంద కాశారు. మూడు పాచికల మీద మూడు వేర్వేరు బొమ్మలు పడితే అతను ఓడిన ముగ్గురి నుంచి 300 తీసుకుని గెలిచిన ముగ్గురికి 300 ఇస్తాడు, అతనికి మిగిలేది ఏమీ లేదు. జంట పడితే 400 తీసుకుంటాడు, డబుల్ పడినవాడికి 200, ఇంకొకడికి 100 ఇస్తాడు, 100 మిగుల్చుకుంటాడు. మూడూ ఒకే బొమ్మ అయితే 500 తీసుకుని 300 ఇస్తాడు. అంటే జనం ‘డబుల్!’ అని కేకలు పెట్టే ఆటలోనే అతనికి డబ్బు మిగులుతోంది. మా తమ్ముడికి ఇది కాగితం మీద వేసి చూపించినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. ఎవరికీ నష్టం లేకుండా ఉండాలంటే డబుల్‌కు మూడింతలు, ట్రిపుల్‌కు అయిదింతలు ఇవ్వాలి. అప్పుడు 75+45+5, సరిగ్గా 125 అవుతుంది.

లాస్ వెగాస్‌లో రెండు పాచికలతో ఆడే క్రాప్స్ అనే జూదం టేబుల్ మీద ‘ఎనీ సెవెన్’ పందెంలోనూ జరిగేది ఇదే. రెండు పాచికల మొత్తం ఏడు కావడానికి 36లో 6 తీరులే ఉన్నాయి, కాబట్టి అయిదింతలు ఇవ్వాలి. ఇచ్చేది నాలుగింతలే. అక్కడ వందకు 16.67 పోతుంది.

“పది ఆటల నుంచి పడని బొమ్మ మీద కాయండి, ఇక పడక తప్పదు.”

పాచికకు జ్ఞాపకం ఉండదు. పది ఆటలు పడకపోయినా, పదకొండో ఆటలో అవకాశం ఆ 216లో 91 మాత్రమే.

“పోయినప్పుడల్లా పందెం రెట్టింపు చేస్తే ఎప్పటికీ నష్టం రాదు.”

మావాడిని ముంచింది ఇదే. వందతో మొదలుపెట్టి వరుసగా ఆరుసార్లు ఓడితే 6,300 పోతాయి. ఏడో ఆటకు ఇంకో 6,400 పెట్టాలి. అది గెలిస్తే మొత్తం మీద మిగిలేది సాధారణంగా వంద రూపాయలే. వరుసగా ఆరు ఓటములు అరుదని అనుకుంటారు. అలా మొదలుపెట్టిన ప్రతి 27 సార్లలో సుమారు ఒకసారి అది వస్తుంది. రాత్రంతా బోర్డు దగ్గర కూర్చున్నవాడికి అది ఎదురుకాకపోతేనే ఆశ్చర్యం. పందెం ఎలా పెంచినా, ఎలా తగ్గించినా, బోర్డు మీద పెట్టిన ప్రతి వందకీ సగటున ఆ 7.87 పోతూనే ఉంటుంది.

“పాచికల్లో మోసం లేదని చూసుకుంటే చాలు.”

చాలదు. పైన వేసిన లెక్కలో ఏ పాచికలోనూ మోసం లేదు. ఆరు ముఖాలూ సమానంగా పడతాయనుకునే లెక్కిస్తే ఆ 1,700 నష్టం తేలింది.