సవరణ: ఆ ఊరు అమెరికాలో లేదు

పోయిన ఆదివారం టీనేజ్ రొమాంటిక్ థ్రిల్లర్ల గురించి రాస్తూ, హోలీ జాక్సన్ ‘ఎ గుడ్ గర్ల్స్ గైడ్ టు మర్డర్’ కథ అమెరికాలోని కనెక్టికట్‌లో జరుగుతుందన్నాను. తప్పు నాదే. రచయిత్రి బ్రిటిష్. 2019లో బ్రిటన్‌లో వచ్చిన అసలు పుస్తకంలో ఊరి పేరు లిటిల్ కిల్టన్, ఇంగ్లండ్‌లో ఓ కల్పిత ఊరు. 2020 నాటి అమెరికా ముద్రణలో దాన్నే ఫెయిర్‌వ్యూ చేసి కనెక్టికట్‌కి తరలించారు.

బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల షాపులో నాకు దొరికింది ఆ ముద్రణ. మారతహళ్ళిలో మా పక్క ఫ్లాట్ అమ్మాయి (ఇంటర్ చదువుతోంది, నాకంటే జాగ్రత్తగా చదువుతుంది) తన బ్రిటిష్ కాపీ తెచ్చి ముందు పెట్టింది. రెండూ పక్కపక్కన తిరగేస్తే సంగతి తేలిపోయింది. 2024 బీబీసీ సిరీస్‌లోనూ లిటిల్ కిల్టనే.

ఇంకోటి. ఈ పుస్తకాల్ని పిల్లలు ప్రేమకథ కోసమే చదువుతారని నేనన్నట్టు కొందరు అర్థం చేసుకున్నారు. నేనన్నది అది కాదు. కథానాయిక పిప్ తిరగదోడేది ఐదేళ్ల నాటి హత్య కేసు. తోడొచ్చే రవి, హంతకుడని ఊరంతా నమ్మిన సాల్‌కి తమ్ముడు. అంచేత దొరికిన ప్రతి ఆధారం వాళ్లిద్దరి మధ్య నమ్మకాన్నీ కుదుపుతుంది. ప్రేమనీ భయాన్నీ విడదీయలేం, తెల్లారేదాకా చదివించేది ఆ ముడే.

పాత పోస్టులో ఊరి పేరు మార్చాను. మిగతాది అలాగే ఉంచాను.