జిరాక్స్ సెంటర్‌కు గెజిటెడ్ హోదా ఇవ్వాలి

సర్కారు ఆఫీసులో రికార్డులకు, వాటిలోని మన గుట్టుకు బాధ్యులెవరు? నల్లగొండ జనం దీన్ని ఎప్పుడో తేల్చేశారు. ఆఫీసు గేటు ఎదురుగా ఉండే జిరాక్స్ సెంటర్ ఆయన. ఉత్తర్వులు రావడమే తరువాయి.

ఆయన అర్హతలు చూడండి. మండలంలో సగం మంది ఆధార్, కులం సర్టిఫికెట్, పట్టాదారు పాసుపుస్తకం ఆయన వాట్సాప్‌లో ఉన్నాయి. మిగతా సగం కంప్యూటర్‌లో ‘న్యూ ఫోల్డర్’లో ఉన్నాయి. "మొన్న పింఛన్‌కు తీసిన కాగితం మళ్లా కావాలె తమ్మీ" అంటే టీ చల్లారేలోపు చేతిలో పెడతాడు. అదే కాగితం లోపల అడిగి చూడండి. "గా సీటు సారు లీవుల ఉన్నడు. బీరువా తాళంచెవి ఆయన దగ్గర్నే ఉంటది." ఇక గోప్యత అంటారా, సరిగ్గా రాని ఆధార్ కాపీని ఆయన బయట పారేయడు. వెనకవైపు తెల్లగా ఉంది కదా అని ఉద్దెర లెక్క రాసుకుంటాడు.

చట్టానికి మాత్రం ఈయన కనబడడు. సమాచార హక్కు చట్టం 2005 నుంచీ రికార్డులను జాబితా వేసి భద్రపరచాలని చెబుతోంది. పౌర సమాచార అధికారి 30 రోజుల్లో జవాబివ్వాలంటోంది. ఆ అధికారి పేరు గోడ మీది బోర్డులో ఉంటుంది. ఆయన మాత్రం బదిలీ మీద ఇంకెక్కడో ఉంటాడు.

దీనికి తోడు మన ప్రాంతానికి ప్రత్యేక సౌకర్యాలున్నాయి. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి నల్లగొండ మూడు జిల్లాలైంది, పాలమూరు నాలుగైంది. 2019లో నారాయణపేట కూడా వేరుపడింది. అప్పటి నుంచి ఇక్కడ దొరకని ఫైలు సూర్యాపేటలో, అక్కడ దొరకనిది వనపర్తిలో ఉన్నట్టు లెక్క. "అది వీఆర్వోకే ఎరుక" అనడం ఇంకా సుఖం. 2020లో ఆ ఉద్యోగాన్నే రద్దు చేశారు కాబట్టి బాధ్యత కూడా రద్దయినట్టే.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులు ఒక్కమాటగా చెప్పారు. దాన్ని మనవాళ్లు ఎంత భక్తిగా పాటిస్తున్నారో! 2023 డేటా రక్షణ చట్టంలోని సవరణ 2025 నవంబర్‌లో అమల్లోకి రాగానే, సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారాన్ని ఆపే సెక్షన్ 8(1)(జె)లో, ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చన్న మాట ఎగిరిపోయింది. ఆ మాట అదే చట్టం 8(2)లో ఇంకా ఉంది కదా సార్ అంటే, సారు ఫ్యాన్ వైపు చూస్తాడు. మన డేటాను కాపాడాల్సిన అసలు నిబంధనలకు మాత్రం 18 నెలల గడువిచ్చారు. అడిగేవాడికి తాళం ఇప్పుడే పడింది, దోచేవాడికి పడాల్సిన తాళం ఆర్డర్‌లో ఉంది.

జరిమానాలు కూడా ముచ్చటగా ఉన్నాయి. సమాచారం ఇవ్వకపోతే రోజుకు 250 రూపాయలు, ఎంత ఆలస్యమైనా 25,000 దాటదు. పోయేది అధికారి సొంత జేబులోంచి. డేటాకు భద్రత లేక బయటపడితే 250 కోట్ల దాకా. తప్పు సర్కారు ఆఫీసుదైతే అది మనం కట్టిన పన్నులోంచే పోతుంది, చేరేది భారత సంచిత నిధికి. గుట్టు బయటపడ్డ మనిషికి అందులోంచి పైసా రాదు. ఆయన ఫిర్యాదు చేయాలనుకుంటే ఆధార్ జిరాక్స్ ఒకటి జతచేయాలి.