పదమూడు విస్తళ్ళు, ఐదు నక్షత్రాలు

మన పంచాంగంలో నక్షత్రాలు 27. అమెరికా కళాశాల బాస్కెట్‌బాల్ పంచాంగంలో ఐదే. మనవాళ్ళు కనీసం పుట్టిన ఘడియ అడిగి, వేళ్ళమీద లెక్క కట్టి, రెండుసార్లు తల పంకించి గానీ జాతకం చెప్పరు. అక్కడి సిద్ధాంతులు, అంటే ఆటగాళ్ళకు రేటింగ్ ఇచ్చేవాళ్ళు, పదహారేళ్ళ కుర్రవాడు రెండు వేసవి శిబిరాల్లో ఎంత ఎత్తు ఎగిరాడో చూసి, పేరు పక్కన నాలుగు చుక్కలో ఐదు చుక్కలో పెట్టేసి ఇంకో ఊరికి విమానం ఎక్కేస్తారు. మూడు చుక్కలు పడినవాడి ఇంట్లో ఫోను మోగడం తగ్గుతుంది. రెండే పడితే, ఫోను పనిచేస్తోందో లేదో అప్పుడప్పుడూ ఎత్తి చూసుకోవాలి.

నేను ఎమ్మెస్ చేసిన విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ రాయను. మా జట్టు ఆట చూసిన పూర్వ విద్యార్థులెవరూ ఆ పేరు గట్టిగా చెప్పరు. అయినా ఏళ్ళ తరబడి దాన్నే నమ్ముకుని, ప్రతి మార్చిలోనూ, కళాశాలల జాతీయ టోర్నీ వేళకు, భంగపడి సంపాదించిన అనుభవం వృథా పోకూడదు కదా. అందుకని, తక్కువ నక్షత్రాల పిల్లలను చేర్చుకునే విషయంలో చిన్న కళాశాలలు పాటించవలసిన జాగ్రత్తలను లోకహితార్థం వివరిస్తున్నాను.

ముందు విస్తళ్ళ లెక్క, అంటే స్కాలర్‌షిప్‌ల లెక్క. 2025 వేసవి దాకా, కళాశాల ఆటలను నడిపే సంఘమైన ఎన్‌సీఏఏ మొదటి డివిజన్‌లో పురుషుల జట్టుకు 13 స్కాలర్‌షిప్‌లు, స్త్రీల జట్టుకు 15. ఒకేసారి ఆడేది ఐదుగురు. రోజూ చెమటోడ్చి ఆడేది ఎనిమిది మందో తొమ్మిది మందో. మిగిలిన నాలుగైదు విస్తళ్ళ దగ్గరే కోచ్ వివేకం బయటపడుతుంది. ఉన్న ఊరి పిల్లవాడు, కష్టపడతాడు, చెప్పిన మాట వింటాడు, కాకపోతే రెండే చుక్కలు. పెరటి చెట్టు మందుకు పనికొస్తుందా? మా కోచ్ పదమూడో విస్తరిని ఖాళీగా ఉంచాడు. ఎప్పుడో ఒకనాడు ఐదు నక్షత్రాల చుట్టమెవరో దారి తప్పి మా ఊరు వస్తాడని ఆయన ఆశ. వస్తే కూర్చోబెట్టడానికి చోటుండాలి. రెండేళ్ళు ఆ విస్తరి అలాగే ఎండింది.

ఆ రెండేళ్ళూ నేను స్టాటిస్టిక్స్ తరగతికి టీచింగ్ అసిస్టెంటును. మూడో వరసలో జట్టు కుర్రవాడొకడు కూర్చునేవాడు. వాక్‌ఆన్. అంటే తెల్లవారుజామున లేవడం అందరితో పాటు, సాధన అందరితో పాటు, ఫీజు మాత్రం సొంతంగా. ఆటనాడు అతని పని బెంచీ చివర నిలబడి తువ్వాలు ఊపడం. మావాళ్ళు మూడు పాయింట్ల బుట్ట వేసినప్పుడల్లా ఊపాలి. మా జట్టు సంగతి తెలిసిందే కనుక అతనికి భుజం నొప్పి ఏనాడూ రాలేదు. ఒకరోజు సంభావ్యత లెక్కలు చేయిస్తుంటే చెయ్యెత్తాడు. స్కాలర్‌షిప్‌లు 13, తీసుకుంటున్నవాళ్ళు 12, మిగిలిన ఆ ఒక్కటీ తనకు రావడానికి సంభావ్యత ఎంత అని అడిగాడు. కోచ్ పూర్వ ప్రవర్తనను బట్టి చూస్తే సున్నా అని బోర్డు మీద రాశాను. అతను శ్రద్ధగా నోట్సులో ఎక్కించుకున్నాడు. పరీక్షలో ఆ ప్రశ్న రాలేదు.

వేసిన విస్తరిని మధ్యలో లాగేయడం ఇంకా పెద్ద విద్య. 1973లో ఎన్‌సీఏఏ నాలుగేళ్ళ స్కాలర్‌షిప్‌లను మానిపించి, ఏడాదికొకసారి పునరుద్ధరించే పద్ధతి తెచ్చింది. ఒకటికి మించి సంవత్సరాలకు మాట ఇచ్చే వీలు మళ్ళీ 2012కు గానీ రాలేదు. ఇంత కాలంలో కోచ్‌లు ఒక చక్కని పత్రికా భాషను పెంచి పోషించారు. కొత్తగా నాలుగు నక్షత్రాలవాడు దొరికి, పంక్తిలో చోటు చాలకపోతే, ఏప్రిల్‌లో ఒక ప్రకటన వెలువడుతుంది: ఫలానా కుర్రవాడు ఎక్కువసేపు ఆడే అవకాశం వెతుక్కుంటూ వెళ్తున్నాడు, అతనికి మా శుభాకాంక్షలు. తను వెళ్తున్న సంగతి ఆ కుర్రవాడికి ఎప్పుడు తెలిసిందన్నది మాత్రం ప్రకటనలో ఉండదు.

ఇక పంచాంగం ఎంత గట్టిదో చూద్దాం. స్టీఫెన్ కరీ ఎన్‌బీఏ అనే వృత్తి బాస్కెట్‌బాల్ లీగులో పేరుమోసిన ఆటగాడు. అతని తండ్రి డెల్ కరీ వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో ఆడినవాడు. ఆయన నంబరును ఇంకెవరికీ ఇవ్వకుండా గౌరవించిన ఆ వర్జీనియా టెక్కే, కొడుకు దగ్గరికి వచ్చేసరికి, కావాలంటే స్కాలర్‌షిప్ లేకుండా వచ్చి చేరమంది. పిల్లవాడు బక్కపలచన, జాతకంలో బలం లేదు. డేవిడ్సన్ అనే చిన్న కళాశాల కోచ్ బాబ్ మెకిల్లప్ మాత్రం విస్తరి వేశాడు. 2008 మార్చి టోర్నీలో ఆ బక్కపలచనివాడే గొంజాగాను, జార్జ్‌టౌన్‌ను, విస్కాన్సిన్‌ను వరసగా ఇంటికి పంపించి, జట్టును చివరి ఎనిమిదింటిలోకి చేర్చాడు. డెట్రాయిట్‌లో ఆటలు చూడటానికి విద్యార్థుల బస్సులు, టికెట్లు, బస ఖర్చులు కళాశాల ధర్మకర్తలే భరించారు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు కూడా అంత మర్యాద ఎరగరు.

జా మొరాంట్ కథ ఇంకా విడ్డూరం. 2016 వేసవిలో మర్రే స్టేట్ సహాయక కోచ్ ఒకాయన ఒక శిబిరానికి వెళ్ళింది వేరే కుర్రవాణ్ణి చూడటానికి. మధ్యలో చిప్స్ కొనుక్కుందామని లేచాడు. పక్క హాలులో బంతి చప్పుడు వినిపించి తొంగిచూస్తే, ముగ్గురేసి ఆడుకుంటున్న పిల్లల్లో మొరాంట్ కనబడ్డాడు. మూడేళ్ళకు, ఎన్‌బీఏ జట్లు కొత్తవాళ్ళను ఎంచుకునే డ్రాఫ్టులో, రెండోవాడుగా వెళ్ళాడు. ఆ రోజు ఆయన కడుపునిండా తిని వచ్చి ఉంటే ఏమయ్యేది? కనుక నా మొదటి సూచన: ఆటగాళ్ళ వేటకు పంపే సహాయక కోచ్‌లకు భోజనం ఖర్చులు ఇవ్వకండి.

ఎత్తు ఉన్నవాడికైనా జాతకం కుదురుతుందా అంటే అదీ లేదు. టొరంటోకు చెందిన జాక్ ఈడీ ఏడడుగుల నాలుగంగుళాలవాడు. అంతటి మనిషి సిద్ధాంతుల కళ్ళకు మూడు నక్షత్రాలంతే కనబడ్డాడు. పర్డ్యూ విశ్వవిద్యాలయం తీసుకుంది. 2023లోనూ 2024లోనూ దేశంలోకెల్లా మేటి ఆటగాడు అతనే. అయితే ఆ 2023 మార్చిలోనే, దేశం మొత్తం మొదటి డివిజన్‌లో సగటున అన్నిటికంటే పొట్టి జట్టయిన ఫెయిర్లీ డికిన్‌సన్, 16వ సీడుగా, అంటే అట్టడుగు ర్యాంకుతో టోర్నీకి వచ్చి, ఒకటో సీడు పర్డ్యూను 63-58తో ఓడించింది. ఆ పొట్టి జట్టు తమ సొంత కాన్ఫరెన్స్, అంటే తమ కళాశాలల కూటమి, ఫైనల్లో ఓడింది కూడా. గెలిచిన మెరిమాక్‌కు నిబంధనల ప్రకారం జాతీయ టోర్నీకి అర్హత లేకపోవడంతో వీళ్ళకు పిలుపు వచ్చింది. ఇటువంటివి జరుగుతుంటే ఇక జాతకాల మీద ఎవరికి నమ్మకం ఉంటుంది?

కానీ అసలు ప్రమాదం ఓటమిలో లేదు, గెలుపులో ఉంది. చిన్న కళాశాలలు ఈ సంగతి గుర్తించడం లేదు. పర్డ్యూను ఓడించిన కోచ్ కొద్ది రోజుల్లోనే ఐయోనా అనే ఇంకో విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయాడు. అంతకు ముందు ఏడు, జెర్సీ సిటీలోని సెయింట్ పీటర్స్ 15వ సీడుగా వచ్చి కెంటకీని 85-79తో ఓడించి చివరి ఎనిమిదింటి దాకా వెళ్ళింది. ఆ సీడుతో అంతదూరం వెళ్ళిన జట్టు అదే మొదటిది. సంబరం బాణసంచా పొగ తగ్గకముందే కోచ్ సీటన్ హాల్ విశ్వవిద్యాలయానికి, ముఖ్యమైన ఆటగాళ్ళలో చాలామంది తలో దిక్కుకు. పెళ్ళి ఘనంగా చేసినవాళ్ళకు మర్నాడు మిగిలేది పందిరి గుంజలే.

2018 అక్టోబరులో మొదలైన ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కళాశాల మారదలచిన ఆటగాళ్ళు పేరు నమోదు చేసుకునే జాబితా, దీనికంతటికీ రాజమార్గం వేసింది. 2021 నుంచి ఒకసారి, 2024 నుంచి ఎన్నిసార్లయినా, ఏడాది ఖాళీగా కూర్చోకుండానే కళాశాల మారవచ్చు. 2021 జులై నుంచి పేరు మీద డబ్బూ చేసుకోవచ్చు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. కోచ్‌లు ఏనాటి నుంచో అనుభవిస్తున్న స్వేచ్ఛే వాళ్ళకూ వచ్చింది. అయితే చిన్న కళాశాల ఇప్పుడు నారుమడి. విత్తనం చల్లేది, నీరు పెట్టేది, కలుపు తీసేది అక్కడ. నారు జానెడు ఎదిగేసరికి పెద్ద ఆసామి ట్రాక్టరు వేసుకుని వస్తాడు. కరీ ఈ రోజుల్లో డేవిడ్సన్‌లో చేరి ఉంటే మొదటి ఏడాది చివర అతని ఫోను ఎన్నిసార్లు మోగేదో ఊహించండి. అప్పట్లో మూడేళ్ళు ఉన్నాడు. ఎన్‌బీఏలో పేరు మోగాక కూడా, డిగ్రీ పూర్తి చేస్తే గానీ జెర్సీ నంబరును గౌరవించేది లేదని డేవిడ్సన్ పట్టుపట్టింది. 2022లో చదువు పూర్తిచేశాకే ఆ ముచ్చట తీరింది. ప్రపంచం మెచ్చిన ఆటగాడికి హోమ్‌వర్కు బాకీ గుర్తుచేసిన ఆ కళాశాలకు నా నమస్కారం. వ్యంగ్యం కాదు, నిజంగానే.

కనుక రెండో సూచన: రత్నం దొరికితే దాచుకోండి. రెండు నక్షత్రాలవాడు సాధనలో వరసగా పది బుట్టలు వేస్తే తలుపులు మూసేయండి. ఆటలో పన్నెండు పాయింట్లు దాటగానే బెంచీ మీదికి పిలిచేయండి. విలేకరులు అడిగితే మడమ నొప్పి అనండి. మార్చిలో ఒక్క ఆట గెలవండి, చాలు. రెండోది గెలిస్తే టీవీ వాళ్ళు వాడి అమ్మమ్మను వెతికి పట్టుకుంటారు. మా కోచ్ ఈ సూత్రాన్ని ఇంకా లోతుగా ఆకళింపు చేసుకున్నాడు. ఆయన దాచినవాణ్ణి ఈనాటికీ ఎవరూ కనిపెట్టలేకపోయారు.

2025 జూన్ 6న న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్ళు వేసిన దావాలో కుదిరిన రాజీ ఒప్పందాన్ని ఆమోదించడంతో విస్తళ్ళ లెక్కే మారింది. దానికి ఒప్పుకున్న కళాశాలల్లో స్కాలర్‌షిప్‌లకు పరిమితి లేదు, జట్టులో మనుషులకే పరిమితి: 15 మంది. అన్ని ఆటలూ కలిపి, మొదటి ఏడాది 2025-26లో సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా, కళాశాలే నేరుగా ఆటగాళ్ళకు పంచవచ్చన్నారు. మా కోచ్‌కు ఇప్పుడు పదిహేను విస్తళ్ళు వేసే హక్కుంది. వడ్డించడానికి గిన్నెలో ఏమీ లేదు. పదిహేనుకు మించి మనుషులు ఉండకూడదన్నారు కనుక, తగ్గించవలసి వచ్చినచోట ముందు లేపేది బెంచీ చివర ఉన్నవాణ్ణే.

కిందటి నెల పూర్వ విద్యార్థులందరికీ కళాశాల నుంచి ఉత్తరం వచ్చింది. నాలుగు నక్షత్రాల కుర్రవాడొకడు మా వైపు చూస్తున్నాడట, తలా ఒక చెయ్యి వేస్తే వచ్చేస్తాడట. ఇరవై అయిదు డాలర్లు పంపాను. ఎందుకోసమో రాయమని ఒక గడి ఉంటే, తువ్వాలు కొనడానికి అని రాశాను.