‘తగిన స్థానం’ అంటే ఏ స్థానం?

రెండేళ్ల పనిమీద కంపెనీ నన్ను విదేశానికి పంపినప్పుడు చేతికిచ్చిన ఒప్పందపత్రం పదకొండు పేజీలు. సామాను ఎన్ని కిలోల దాకా పంపుకోవచ్చు, ఇంటి అద్దె ఎవరు కట్టాలి, సెలవుపై ఏడాదికి ఎన్నిసార్లు రావచ్చు, అన్నీ లెక్కగా రాశారు. పన్నుల గురించే రెండు పేజీలు. తిరిగి వచ్చాక నా సంగతి మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశారు: అప్పటి అవసరాలను బట్టి తగిన స్థానం చూపుతారట. వెళ్లే తొందరలో ఆ ‘తగిన’ అన్న మాటను పట్టించుకోలేదు.

పన్నుల మీద అంత శ్రద్ధ ఊరికే రాలేదు. చాలా దేశాల మధ్య పన్ను ఒప్పందాల్లో 183 రోజుల నిబంధన ఉంటుంది. పనిచేసే దేశంలో ఉన్న రోజులు అది దాటితే ఆ దేశానికి ఆ జీతంపై పన్ను వేసే హక్కు వస్తుంది. వీసాలకూ గడువుంటుంది. కంపెనీ లోపలి బదిలీలకు అమెరికా ఇచ్చే ఎల్‌-1 వీసాపై మేనేజర్లు గరిష్ఠంగా 7 ఏళ్లు, ప్రత్యేక పరిజ్ఞానం ఉన్నవారు 5 ఏళ్లు ఉండవచ్చు. ఐరోపా సమాఖ్య 2014లో చేసిన నిబంధనల ప్రకారం కంపెనీ బదిలీపై వచ్చే మేనేజర్లకు, నిపుణులకు 3 ఏళ్లే. అంటే మనిషిని పంపే రోజునే తిరిగొచ్చే గడువు ఇంచుమించు తెలుసు. అయినా కుర్చీ సిద్ధంగా ఉండదు. పన్నులు, వీసాల లెక్క తప్పితే నిలదీయడానికి ప్రభుత్వాలున్నాయి. ఉద్యోగి ఎదుగుదల గురించి నిలదీసేవారు లేరు.

అసలు నష్టం ఏటా జరిగే పనితీరు మదింపులోనే మొదలవుతుంది. అక్కడి మేనేజర్ ‘రేటింగు సొంత ఆఫీసు ఇస్తుంది’ అంటాడు. సొంత ఆఫీసు మేనేజర్ ‘ఆయన పని నేను చూడలేదు’ అంటాడు. ఇద్దరూ మర్యాదగా మధ్యరకం మార్కు వేసి ఊరుకుంటారు. రెంటికీ చెడ్డ రేవడి.

నేను తిరిగొచ్చేసరికి నన్ను పంపిన మేనేజర్ ఉద్యోగం మారాడు. కొత్తాయన మంచివాడే. నా ఫైలు తిరగేసి, ‘‘మీరు ఏ టీమ్ అండీ?’’ అని అడిగాడు. ప్రింటరు పక్కన ఖాళీగా ఉన్న బల్ల చూపించాడు. అక్కడ పన్నెండు మందిని నడిపినవాణ్ని, ఇక్కడ నా కింద ఒక్కరూ లేరు. పొమ్మనలేక పొగబెడుతున్నారని అప్పట్లో మండిపడ్డాను. నిజానికి అంత పథకమేమీ లేదు, నేను ఎవరికీ గుర్తులేను. నాలుగు నెలలకు బయటికి వచ్చేశాను. పాత కంపెనీ డబ్బుతో సంపాదించిన అనుభవాన్ని కొత్త కంపెనీ కళ్లకద్దుకుంది.

రెండేళ్ల తర్వాతి పోస్టును ఇప్పుడే ఎలా రాసిస్తామని కంపెనీలు అంటాయి. సరే, పోస్టు వద్దు. సొంత ఆఫీసులో బాధ్యత వహించే ఒక మనిషి పేరు రాయండి. ఆయన వెళ్లిపోతే ఇంకొకరి పేరు. గడువుకు ఆరు నెలల ముందే మాట్లాడతామని, స్థాయి తగ్గించబోమని రాయండి.

మొన్న మన సంఘంలోని ఒక కుర్రవాడు ఇలాంటి పత్రమే తెచ్చి, అద్దె భత్యం సరిపోతుందా అని అడిగాడు. చివరి పేజీలో అదే వాక్యం. దీని గురించి ముందే అడగమన్నాను. ‘‘అడిగితే ఈ అవకాశం వేరొకరికి ఇస్తారేమోనండీ’’ అన్నాడు. తొందరలో పట్టించుకోలేదని పైన రాశాను గానీ, అప్పట్లో నాదీ అదే భయం.