ఇరవై నాలుగో వంతు అంబులెన్స్

మా ఇంట్లో ఒక అంబులెన్స్ తయారైంది. పొడవు 23 సెంటీమీటర్లు. అసలు బండి ఐదున్నర మీటర్లు, నాది అందులో 24వ వంతు. అడుగుకు అరంగుళం అనే ఈ లెక్క నేను కనిపెట్టింది కాదు, నమూనా బండ్లు కట్టేవాళ్లు ఎక్కడున్నా వాడేదే. నల్లగొండలో దీన్ని పాటిస్తున్న పౌరుణ్ని బహుశా నేనొక్కణ్నే కావడంతో నా మీద బాధ్యత కాస్త ఎక్కువ పడింది.

కొలతల కోసం దర్జీ టేపు పట్టుకుని, ఒక ఆసుపత్రి ముందు ఆగి ఉన్న బండి దగ్గరికి వెళ్లాను. బంపర్ నుంచి వెనక తలుపు దాకా వచ్చేసరికి డ్రైవర్ చాయ్ గ్లాసుతో ఎదురయ్యాడు.

"ఏం గొలుస్తున్నరు సార్, ఫైనాన్సోళ్లా?"

కాదు, ఇలాంటిదే చిన్నది చేస్తున్నానన్నాను. ఒక గుక్క తాగి, "చిన్నదైతెనే మంచిది సార్, సందుల్ల దూరుతది" అన్నాడు. ఈ బండ్ల గురించి ఇంత సూటిగా మాట్లాడిన నిపుణుణ్ని నేను మళ్లీ చూడలేదు.

కిట్టు కొని అతికించడం నా సిద్ధాంతానికి విరుద్ధం. బాడీకి ఫ్లెక్సీ షాపులో మిగిలిపోయిన 3 మిల్లీమీటర్ల సన్‌బోర్డు ముక్కలు తెచ్చాను. వాటి మీద ఎవరో నాయకుడికి పెట్టిన జన్మదిన శుభాకాంక్షలు సగం ఉన్నాయి. తెల్ల రంగు రెండు కోట్లు వేశాను. అయినా లోపల, స్ట్రెచర్ పక్కన, నమస్కారం పెట్టిన రెండు చేతులు మసగ్గా కనిపిస్తూనే ఉన్నాయి. సరే, రోగికి ధైర్యంగా ఉంటుందని వదిలేశాను.

అతుకుల మీద డెంటింగ్ షాపు నుంచి తెచ్చిన లప్పం పెట్టి, ఆరాక 400 నంబరు వాటర్ పేపర్‌తో, తర్వాత 800తో రుద్దాను. చక్రాలకు దగ్గు మందు సీసా మూతలు సరిపోయాయి. వాటికి సైకిల్ ట్యూబు కోసి తొడిగాను. స్ట్రెచర్ జెమ్ క్లిప్పులది. ఆక్సిజన్ సిలిండర్‌కి జెల్ పెన్ రీఫిల్ 3 సెంటీమీటర్ల ముక్క. ఒళ్లు నలుపు, భుజాలు తెలుపు. మన దగ్గర ఆక్సిజన్‌కి అదే రంగు, ఇంకోటి వేస్తే తప్పు. ఈ నలుపు తెలుపుల మధ్య గీత వంకర లేకుండా రావడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. ఆ రెండు ఆదివారాలూ ఇంట్లో మిక్సీ ఆన్ చేయనివ్వలేదు. బల్ల అదురుతుంది మరి.

నంబరు ప్లేటు దగ్గర మళ్లీ ఆగాను. ఏపీ 24 వేయాలా, టీఎస్ 05 వేయాలా, టీజీ 05 వేయాలా? ఒకే జిల్లా, ఒకే గుంతలు, మూడు ప్లేట్లు. చివరికి దాని మీద బురద రాసేశాను. వాస్తవికత కూడా కుదిరింది.

అసలు పరీక్ష రేడియం షాపులో ఎదురైంది. ముందు అద్దం కింద అంబులెన్స్ అన్న ఇంగ్లీషు అక్షరాలు తిరగేసి ఉండాలి, ముందు పోయే బండివాడు తన అద్దంలో చూసుకుంటే సరిగ్గా చదవడానికి. కాగితం మీద గీసి ఇచ్చాను. సాయంత్రం వెళ్తే కుర్రాడు గర్వంగా స్టిక్కర్ చేతిలో పెట్టాడు. "మీరు ఉల్టా రాసిన్రు సార్, నేనే సీదా చేసిన." ఉల్టాగానే ఉండాలని పది నిమిషాలు చెప్పాను. "అద్దంల చూసేటోడెవడు సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

బండిని షోకేసులో పెట్టబోతే అమ్మ ఒప్పుకోలేదు. "ఇంట్ల గా బండి పెట్టుకుంటర్రా ఎవ్వలన్న? జర బయట వెట్టు బిడ్డా" అంది. వరండాలోకి మోసుకెళ్తుంటే మాత్రం పిల్లలు కాళ్లు ముడుచుకున్నారు, మా ఆవిడ బకెట్ పక్కకు జరిపింది, అమ్మ కూడా గోడకు ఒదిగింది. సైరన్ లేకుండా, 23 సెంటీమీటర్ల బండికి. 2005 ఆగస్టు 15న మొదలైన 108 బండికి ఇన్నేళ్లలో మా గడియారం సెంటర్లో ఇంత మర్యాద దొరకడం నేను చూడలేదు.

అప్పుడే నాకు లోపం తెలిసింది. ఒట్టి బండి చేస్తే అది బొమ్మ. దారివ్వని వాటిని కూడా కడితేనే నమూనా. అట్ట మీద రోడ్డు వేసి పని మొదలుపెట్టాను. అడ్డంగా తిప్పుకుంటున్న ఆటో, ఇటుకల ట్రాక్టర్, బరాత్ ముందు డీజే పెట్టెలు మోస్తున్న డీసీఎం, జెండా కట్టిన జీపు. వెనకాల, దారి దొరికిందని అంబులెన్స్ తోక పట్టుకుని దూసుకొచ్చే రెండు బైకులు. స్పీడ్ బ్రేకర్ నిబంధనల ప్రకారం 10 సెంటీమీటర్ల ఎత్తు, అంటే నా అట్ట మీద 4 మిల్లీమీటర్లు. మా వీధిలోది కొలిచి కుదిస్తే దాని మీద నా బండి నడుం ఆనుకుని ఊగింది. చట్టాన్ని కూడా కుదించాను. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 194-ఇ సెక్షన్ కింద దారివ్వకపోతే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. 24వ వంతున 417 రూపాయలు, వారం పైచిలుకు జైలు. డీసీఎం వాడు దానికీ జరిగేలా లేడు.

అంబులెన్స్‌కి సరిగ్గా ముందు మాత్రం ఒక జాగా ఖాళీగా మిగిలింది. అక్కడ ఏ బండి పెట్టాలో ఎంతకీ తేలలేదు.

మొన్న ఉల్టా స్టిక్కర్ తీసుకోవడానికి బండిని అట్టపెట్టెలో సర్ది, స్కూటర్ ఫుట్‌బోర్డు మీద పెట్టుకుని బయల్దేరాను. గడియారం దగ్గర వెనక సైరన్ మోగింది. అద్దంలో చూశాను. అక్షరాలు చక్కగా, సీదాగా కనిపిస్తున్నాయి! నేను చెప్పిందే నిజం. కాకపోతే అక్షరాల మధ్య ఎడం నేను గీసినదానికంటే కొంచెం ఎక్కువే ఉంది. లెక్కపెడుతున్నాను. సైరన్ మోగుతోంది. ఎడమ పక్క గుంత ఉంది, పొద్దున్నే ఫెవిక్విక్‌తో అతికించిన సైడు అద్దం ఇంకా గట్టిపడలేదు. "సార్, జర జరుగున్రి సార్!" అని వెనక నుంచి అరుస్తున్నారు.

పెట్టెలో బండికి గీత కూడా పడలేదు. ఇంటికొచ్చి ఆ ఖాళీ జాగాలో పెట్టడానికి స్కూటర్ కొలతలు తీసుకున్నాను. ఫుట్‌బోర్డు మీద అట్టపెట్టె ఒక సెంటీమీటర్ ఎత్తు వస్తుంది.